టైఫాయిడ్ టీకా: అప్పుడు పసిపిల్లలకు పనిచేయలేదు.. ఇప్పుడెలా పనిచేస్తోంది? యాంటీబాడీల వెనకున్న అసలు కథ ఇదీ!

టైఫాయిడ్‌కు టీకా ఎప్పటి నుంచో ఉంది. కానీ పాత ఇంజెక్షన్‌ను రెండేళ్ల లోపు పిల్లలకు ఇచ్చేవారు కాదు. వేసినా వాళ్ల ఒంట్లో సరిపడా యాంటీబాడీలు తయారయ్యేవి కావు మరి! ఇప్పుడు ఆరు నెలలు నిండిన పాపకు కూడా వేస్తున్నారు. ఇంతకీ మధ్యలో ఏం మారింది?

యాంటీబాడీలను తయారు చేసేవి బి కణాలు. ఎముక మజ్జలో పుడతాయి. అయితే చాలాసార్లు ఇవి సొంతంగా రంగంలోకి దిగవు. టి కణం గ్రీన్ సిగ్నల్ ఇవ్వాల్సిందే. ఈ టి కణాలు ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిలో తయారవుతాయి. ఆ గ్రంథితో పెద్దగా పనిలేదనే ఒకప్పుడు అనుకున్నారు. ఈ రెండు రకాల కణాలు కలిస్తేనే పని జరుగుతుందని 1968లో ఆస్ట్రేలియాలో జాక్ మిల్లర్, గ్రాహం మిచెల్ ఎలుకలపై ప్రయోగాలతో తేల్చారు.

జ్వరమో, పుండో వచ్చినప్పుడు మెడలోనో, గజ్జల్లోనో బిళ్లలు కడతాయి కదా.. ఈ కణాలు కలుసుకునేది అక్కడే. బి కణం క్రిమిని పట్టుకుని మింగేస్తుంది. దాన్ని ముక్కలు చేసి, ప్రొటీన్ ముక్కను బయటకు పెట్టి చూపిస్తుంది. అదే ముక్కను అప్పటికే వేరే కణాల దగ్గర చూసిన హెల్పర్ టి కణం వచ్చి గుర్తుపడుతుంది. వెంటనే రసాయన సంకేతాలు పంపిస్తుంది. అంతే, బి కణం వేగంగా విడిపోతూ పెరుగుతుంది. కొన్ని యాంటీబాడీ ఫ్యాక్టరీలుగా మారి సెకనుకు వేలల్లో వదులుతాయి. కొన్ని క్రిమిని గుర్తుపెట్టుకుని ఏళ్లపాటు ఉండిపోతాయి. హెచ్ఐవీ దెబ్బకొట్టేది సరిగ్గా ఈ హెల్పర్ కణాలనే.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ టి కణం గుర్తుపట్టేది ప్రొటీన్ ముక్కలనే. టైఫాయిడ్ బ్యాక్టీరియా పైపొర చక్కెర పదార్థం. పాత టీకాలో ఉన్నదీ ఆ చక్కెరే. దాంతో బి కణం ఒంటరైపోయేది. పెద్దవాళ్లలో ఎలాగోలా నెట్టుకొచ్చేది కానీ, పసివాళ్లలో అది కూడా కుదిరేది కాదు.

అందుకే శాస్త్రవేత్తలు ఓ ఉపాయం చేశారు. ఆ చక్కెరకు విషం తీసేసిన ధనుర్వాతం ప్రొటీన్‌ను అతికించారు. బి కణం చక్కెరను పట్టుకుని రెండింటినీ కలిపి మింగుతుంది, బయటకు ప్రొటీన్ ముక్క చూపిస్తుంది. టి కణం దాన్ని చూసి సాయానికొస్తుంది. యాంటీబాడీలు మాత్రం చక్కెర మీదికే తయారవుతాయి!

హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ తయారు చేసిన టైప్‌బార్ టీసీవీ ఇలాంటిదే. దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ వచ్చినట్టు 2018 జనవరిలో ప్రకటించారు. మందులకు లొంగని టైఫాయిడ్‌తో సతమతమైన పాకిస్థాన్ 2019లో దీన్ని పిల్లల రోజువారీ టీకాల్లో చేర్చింది. ప్రపంచంలో అలా చేర్చిన తొలి దేశం అదే.

మన దగ్గర పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా వేసే పెంటావాలెంట్ టీకాలోని హిబ్ భాగం, న్యుమోనియాకు వేసే పీసీవీ కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తాయి.