విదేశీ కాన్ఫరెన్స్‌కు పిలుపొచ్చిందా? వీసాకు ఎప్పుడు, ఎక్కడ, ఏ కాగితాలతో వెళ్లాలంటే..

పరిశోధన పత్రం అంతర్జాతీయ కాన్ఫరెన్స్‌కు ఎంపికైందని మెయిల్ రాగానే చాలామంది ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కడతారు. ఆ తర్వాత విమానం టికెట్ల ధరలు చూస్తారు. వీసా సంగతి చివర్లో గుర్తొస్తుంది. అప్పటికి చేతిలో ఐదారు వారాలే ఉంటే అపాయింట్‌మెంట్ దొరక్కపోవచ్చు. కట్టిన ఫీజు వెనక్కి రాకపోవచ్చు. నెలల కష్టం స్టేజీ మీదకు వెళ్లకుండానే ఆగిపోవచ్చు.

పంజాగుట్ట నిమ్స్‌లో డాక్టరైనా, ఉస్మానియాలో పీహెచ్‌డీ స్కాలరైనా, ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసరైనా వీసా అధికారి తేల్చుకోవాల్సినవి రెండే. మీరు చెప్పిన పనికే వెళ్తున్నారా? పని అయ్యాక తిరిగొస్తారా? నిర్వాహకులు పంపిన ఆహ్వాన లేఖ మొదటి ప్రశ్నకు జవాబు. రెండోదానికి జవాబు మీ సంస్థ, మీ ఉద్యోగం, మీ ఇంటి కాగితాల్లో ఉంటుంది. పిలుపు అక్కడి నుంచి వస్తుంది. వీసా మాత్రం ఎక్కువగా ఇక్కడి కాగితాల మీదే ఆధారపడుతుంది.

ముందుగా పాస్‌పోర్టు చూసుకోండి

షెంగెన్ దేశాలకు వెళ్లాలంటే పాస్‌పోర్టు గత పదేళ్లలో జారీ అయినదై ఉండాలి. అక్కడి నుంచి బయల్దేరే తేదీ తర్వాత కనీసం 3 నెలలు చెల్లాలి. రెండు ఖాళీ పేజీలు ఉండాలి. మిగతా దేశాలకైనా ఆరు నెలల గడువు ఉండేలా చూసుకోవడం మంచిది.

రెన్యువల్ చేయించుకోవాల్సి వస్తే సోమాజిగూడ, అమీర్‌పేట ప్రాంతాల వారు ఒక మార్పు గమనించాలి. అమీర్‌పేట ఆదిత్య ట్రేడ్ సెంటర్‌లో ఉండే పాస్‌పోర్ట్ సేవా కేంద్రం 2025 సెప్టెంబరులో ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌కు మారింది. పంజాగుట్ట, ఎర్రమంజిల్ స్టేషన్ల నుంచి రెడ్ లైన్‌లో నేరుగా వెళ్లొచ్చు.

ఇక్కడి నుంచి ఏ కాగితాలు కావాలి?

దేశం ఏదైనా ఈ కాగితాలు సిద్ధంగా ఉంచుకోవాలి.

- సంస్థ లెటర్‌హెడ్ మీద ఎన్‌ఓసీ, సెలవు మంజూరు పత్రం. మీ హోదా, ఎప్పటి నుంచి పనిచేస్తున్నారు, ఏ తేదీన తిరిగి విధుల్లో చేరాలి అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. పీహెచ్‌డీ విద్యార్థులైతే గైడ్, విభాగాధిపతి సంతకాలతో బోనఫైడ్ తీసుకోవాలి. ఇంకా ఎంత కాలం కోర్సు మిగిలి ఉందో రాయించుకోవాలి.
- పేపర్ ఎంపికైనట్లు మెయిల్, ఆహ్వాన లేఖ, రిజిస్ట్రేషన్ రసీదు, మీ పేరున్న ప్రోగ్రామ్ షెడ్యూల్.
- జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు. ఫెలోషిప్ మీద ఉన్నవారు ఆ మంజూరు ఉత్తర్వు జత చేయాలి.
- ఖర్చు ఎవరు భరిస్తున్నారో చెప్పే లేఖ. ట్రావెల్ గ్రాంట్ వస్తే దాని ఉత్తర్వు.
- సీవీ, ప్రచురణల జాబితా, పరిశోధన గురించి మామూలు భాషలో ఒక పేజీ.

అన్ని కాగితాల్లోనూ తేదీలు, పేరు, ఖర్చు వివరాలు ఒకేలా ఉండాలి. ఎన్‌ఓసీలో ఐదు రోజుల సెలవు ఉండి దరఖాస్తులో పదిహేను రోజుల పర్యటన రాస్తే అనుమానం వస్తుంది. కాన్ఫరెన్స్ అయ్యాక నాలుగు రోజులు ఊళ్లు చూడాలనుకుంటే ఆ మాట దాచనక్కర్లేదు. సెలవులోనూ, దరఖాస్తులోనూ ఒకేలా చూపిస్తే చాలు.

బ్యాంకు ఖాతాలో దరఖాస్తుకు ముందు హఠాత్తుగా పెద్ద మొత్తం వేయడం మేలు కంటే కీడే చేస్తుంది. నిజంగానే ఇంట్లోవాళ్లు ఇచ్చిన డబ్బయితే వారి లేఖ, వారి ఖాతా వివరాలు జత చేయాలి.

అమెరికాకైతే..

కాన్ఫరెన్స్‌కు వెళ్లేవారు అడగాల్సింది బీ1 వీసా. సాధారణంగా బీ1/బీ2 కలిపి ఇస్తారు. డీఎస్-160 ఫారం ఆన్‌లైన్‌లో నింపి 185 డాలర్ల ఫీజు కట్టాలి. ఈ ఫీజు 2023 జూన్ 17 నుంచి అమల్లో ఉంది. వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. 2025 జులైలో అమెరికా చేసిన చట్టంలో 250 డాలర్ల వీసా ఇంటెగ్రిటీ ఫీజు అనే అదనపు రుసుము కూడా ఉంది. కాబట్టి డబ్బు కట్టే రోజున అధికారిక వెబ్‌సైట్‌లో మొత్తం ఎంతో చూసుకోవాలి.

హైదరాబాద్‌లో ఇది రెండు చోట్ల జరిగే పని. వేలిముద్రలు, ఫొటో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని వీసా కేంద్రంలో ఇవ్వాలి. అమీర్‌పేట నుంచి బ్లూ లైన్‌లో నేరుగా వెళ్లొచ్చు. ఇంటర్వ్యూ మాత్రం నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో. బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి కాన్సులేట్ అక్కడికి మారింది 2023 మార్చిలో. నానక్‌రామ్‌గూడకు మెట్రో లేదు. రాయదుర్గం స్టేషన్‌లో దిగి ఆటోనో క్యాబో పట్టుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం సమయం. అత్యవసర అపాయింట్‌మెంట్ అడగొచ్చుగా అని చాలామంది ధీమాగా ఉంటారు. కానీ ఏటా జరిగే అకడమిక్, వృత్తిపరమైన కాన్ఫరెన్స్‌లు అత్యవసరం కిందకు రావని నిబంధనల్లోనే ఉంది. నగరాలవారీగా ఇంటర్వ్యూకు ఎంత కాలం ఆగాలో అమెరికా విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో ఉంటుంది. పేపర్ పంపేముందే ఒకసారి చూసుకుంటే ఆ కాన్ఫరెన్స్ మనకు అందుతుందో లేదో తెలుస్తుంది.

ఇంటర్వ్యూ కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. ఏ కాన్ఫరెన్స్, ఎక్కడ, మీ పేపర్ దేని గురించి, ఖర్చెవరిది, తిరిగొచ్చి ఏం చేస్తారు అన్నవాటికి రెండు మూడు వాక్యాల్లో జవాబు చెప్పగలగాలి. పరిశోధన విషయాన్ని ఆ రంగం తెలియనివారికి అర్థమయ్యేలా చెప్పడం ముందే సాధన చేయండి. కొన్ని సాంకేతిక రంగాల పరిశోధకుల దరఖాస్తులను 221(జీ) కింద అదనపు పరిశీలనకు ఆపుతుంటారు. అప్పుడే సీవీ, ప్రచురణల జాబితా అడుగుతారు. ఇది తుది తిరస్కరణ కాదు, కానీ వారాలు పట్టొచ్చు.

ప్రసంగానికి ఆనరేరియం ఇస్తామంటే? యూనివర్సిటీలు, అర్హత ఉన్న పరిశోధన సంస్థల దగ్గర బీ1 మీద తీసుకోవచ్చు. అయితే ఒక్కో సంస్థలో 9 రోజులకు మించి ఉండకూడదు. ఆరు నెలల్లో ఐదు సంస్థలకు మించి తీసుకోకూడదు.

యూరప్‌కైతే ఫీజు మినహాయింపు అడగండి

జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ సహా 29 దేశాలకు షెంగెన్ వీసా ఒక్కటే. 180 రోజుల్లో 90 రోజుల వరకు ఉండొచ్చు. ఎక్కువ రోజులు గడిపే దేశానికి దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే ముందుగా అడుగుపెట్టే దేశానికి చేయాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి, ఆలస్యమైతే 15 రోజుల ముందు వరకు తీసుకుంటారు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు. అవసరమైతే 45 రోజుల దాకా పొడిగించవచ్చు. అందుకే చివరి 15 రోజులను నమ్ముకోవద్దు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి.

పెద్దలకు ఫీజు 2024 జూన్ 11 నుంచి 90 యూరోలు. అయితే శాస్త్రీయ పరిశోధనకో, సెమినార్, కాన్ఫరెన్స్‌లో పాల్గొనడానికో వెళ్లే పరిశోధకులకు ఈ ఫీజు ఉండదని షెంగెన్ వీసా కోడ్ 16వ అధికరణం చెబుతోంది. పీహెచ్‌డీ గానీ, పీహెచ్‌డీలో చేరేందుకు అర్హతనిచ్చే డిగ్రీ గానీ ఉండి, పరిశోధన సంస్థ ఎంపిక చేసుకున్నవారిని పరిశోధకులుగా లెక్కిస్తారు. మీరు ఆ కోవలోకి వస్తారనుకుంటే సంస్థ లేఖలో ‘పరిశోధకుడు’ లేదా ‘పరిశోధకురాలు’ అని హోదా స్పష్టంగా రాయించుకుని, దరఖాస్తు ఇచ్చేటప్పుడే అడగాలి. తుది నిర్ణయం ఆ దేశ కాన్సులేట్‌దే. వీఎఫ్‌ఎస్ వంటి కేంద్రాల సర్వీస్ ఛార్జీ మాత్రం వేరుగా కట్టాల్సిందే.

బ్రిటన్, కెనడాలకైతే..

బ్రిటన్‌కు స్టాండర్డ్ విజిటర్ వీసా సరిపోతుంది. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. సాధారణంగా మూడు వారాల్లో నిర్ణయం వస్తుంది. ఆరు నెలల వీసా ఫీజు 2025 ఏప్రిల్ 9న 127 పౌండ్లకు పెరిగింది. తరచూ మారుతుంటుంది కాబట్టి కట్టే ముందు సరిచూసుకోండి.

కెనడాకు విజిటర్ వీసా ఫీజు 100 కెనడా డాలర్లు, బయోమెట్రిక్స్‌కు మరో 85. నిర్వాహకులు కాన్ఫరెన్స్‌ను కెనడా ఇమిగ్రేషన్ శాఖ దగ్గర నమోదు చేయించుకుంటే దానికి ప్రత్యేక ఈవెంట్ కోడ్ ఇస్తారు. ఆహ్వాన లేఖలో ఆ కోడ్ లేకపోతే నిర్వాహకులను మెయిల్‌లో అడగండి. ఉంటే దరఖాస్తులో తప్పక రాయండి.

ఖర్చు నిర్వాహకులే పెట్టుకుంటే?

ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ యాజమాన్యం లేదా నియంత్రణలో ఉన్న సంస్థల ఉద్యోగులు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. టికెట్, హోటల్ విదేశీ సంస్థ భరిస్తే అది ‘విదేశీ ఆతిథ్యం’ అవుతుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం–2010లోని 6వ సెక్షన్ ప్రకారం కేంద్ర హోంశాఖ ముందస్తు అనుమతి కావాలి. ఎఫ్‌సీ-2 ఫారంతో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. ఇది వీసాకు సంబంధం లేని వేరే అనుమతి. వీసా ఉంది కదా అని వెళ్లి వస్తే తర్వాత ఇబ్బంది ఉద్యోగంలో వస్తుంది.

ఆ కాన్ఫరెన్స్ అసలుదేనా?

మీ రంగానికి సంబంధం లేని సదస్సుకు ‘గౌరవ వక్త’గా రమ్మని మెయిల్ వస్తే ఆగి ఆలోచించండి. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఒమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పేరున్న పరిశోధకులు ఒప్పుకోకపోయినా వారు వస్తున్నట్లు సదస్సులకు ప్రచారం చేసిందన్నది ఆరోపణల్లో ఒకటి. 2019లో అక్కడి ఫెడరల్ కోర్టు 5.01 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పిచ్చింది.

నిర్వాహక కమిటీలో ఉన్న ఒకరిద్దరికి నేరుగా వారి యూనివర్సిటీ మెయిల్‌కు రాసి అడగండి. గత ఏడాది సదస్సు నిజంగా జరిగిందా, పత్రాలు ఎక్కడ అచ్చయ్యాయో చూడండి. మీ గైడ్‌కో, సీనియర్లకో తెలియని సదస్సు గురించి వీసా అధికారిని నమ్మించడం కష్టం.

కన్సల్టెన్సీకి వెళ్లాలా?

అమీర్‌పేట, పంజాగుట్ట, సోమాజిగూడల్లో వీసా బోర్డులకు కొదవ లేదు. ఫారం నింపడంలో, అపాయింట్‌మెంట్ తీసుకోవడంలో వారు సాయపడగలరు. వీసా ఇప్పించే అధికారం మాత్రం ఎవరికీ లేదు. వీఎఫ్‌ఎస్‌కూ లేదు. ‘గ్యారంటీ’ అన్నవారి దగ్గర, ‘స్టేట్‌మెంట్ మేం చూసుకుంటాం’ అన్నవారి దగ్గర ఆగొద్దు. దరఖాస్తులో ఉన్న ప్రతి మాటకూ బాధ్యత మీదే. మోసం తేలితే బ్రిటన్ పదేళ్ల వరకు నిషేధం విధించవచ్చు. అమెరికాలో అయితే శాశ్వతంగా అనర్హత పడొచ్చు. ఎవరు నింపినా సబ్మిట్ నొక్కే ముందు మొత్తం మీరే చదవండి.

తిరస్కరిస్తే?

అమెరికాలో ఎక్కువగా వినిపించే కారణం 214(బీ). స్వదేశానికి తిరిగొస్తారన్న నమ్మకం కలగలేదని దాని సారాంశం. దానిపై అప్పీలు లేదు. పరిస్థితి మారినప్పుడు మళ్లీ ఫీజు కట్టి దరఖాస్తు చేసుకోవచ్చు. షెంగెన్‌లో కారణాన్ని ఫారంలో రాసిస్తారు. అప్పీలు ఎక్కడ, ఎన్ని రోజుల్లో చేయాలో కూడా అందులోనే ఉంటుంది. కాన్ఫరెన్స్ తేదీ దగ్గర పడితే అప్పీలు కన్నా లోపం సరిదిద్ది కొత్తగా దరఖాస్తు చేయడమే త్వరగా తేలొచ్చు. తర్వాత ఏ దేశానికి దరఖాస్తు చేసినా గతంలో తిరస్కరించారా అని అడిగితే నిజమే రాయాలి.

వెంటనే నిర్వాహకులకు కూడా తెలియజేయండి. వీసా రానివారికి ఫీజు వాపసు ఇవ్వడం, ఆన్‌లైన్‌లో పేపర్ చదివే వీలు కల్పించడం, సహ రచయితను పంపనివ్వడం కొన్ని కాన్ఫరెన్స్‌ల నిబంధనల్లోనే ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టే ముందే ఆ నిబంధన చదివి పెట్టుకోండి. విమానం టికెట్, హోటల్ రద్దు చేసుకునే వీలున్నవే బుక్ చేయండి. వీసా స్టాంపు చేతికొచ్చాకే మిగతా డబ్బు ఖర్చు పెట్టండి.