చిన్నారుల తొలి పలుకులకు ఇంటి భాషే పునాది

రెండేళ్లు నిండినా బిడ్డకు మాటలు రాకపోతే, తండ్రికీ ఆలస్యంగానే వచ్చాయని పెద్దలు సర్దిచెప్పుకోవడం పల్లెల్లో పరిపాటి. వినికిడి లోపమున్న బిడ్డ విషయంలో ఈ నిరీక్షణ వల్ల విలువైన కాలం చేజారిపోతుంది.

2016 అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లా నుండి వికారాబాద్ జిల్లా పరిధిలోకి వచ్చిన బొంరాస్‌పేట మండలంలో తెలుగు, ఉర్దూలతో పాటు తండాలలో లంబాడీ భాష వాడుకలో ఉన్నది. బిడ్డకు అంగన్‌వాడీలో తెలుగు త్వరగా రావాలన్న తలంపుతో ఇంట్లో లంబాడీ మాట్లాడటం తగ్గించవలసిన అవసరం లేదు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. తల్లిదండ్రులకు ధారాళంగా వచ్చిన భాషలోనే బిడ్డతో మాట్లాడటం మేలు. బిడ్డకు వచ్చిన మాటలను లెక్కించేటప్పుడు రెండు భాషల మాటలనూ కలిపి చూడాలి. సుమారు ఏడాదికి తొలి మాటలు, రెండేళ్లకు "అమ్మా, పాలు" వంటి జంట మాటలు రావాలి.

ఇందుకు ఖరీదైన ఆటబొమ్మలు అక్కరలేదు. కందులు చెరుగుతూ, రొట్టె చేస్తూ, మేకకు ఆకు వేస్తూ ఆ పనిని బిడ్డకు చెబుతుండాలి. బిడ్డ "బువ్వ" అంటే "బువ్వ తింటావా? వేడి బువ్వ" అని పెంచి పలకాలి. ప్రశ్న అడిగాక కొంతసేపు ఆగి, జవాబుకు వ్యవధి ఇవ్వాలి. పెద్దలు తరచుగా మరచేది దీనినే. తల్లిదండ్రులు పనుల కోసం వలస వెళ్లిన ఇళ్లలో ఈ బాధ్యత అవ్వాతాతలది. సెల్‌ఫోన్ బిడ్డకు బదులు చెప్పదు. ఏడాదిలోపు పిల్లలకు తెర చూపవద్దని, రెండేళ్ల వారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

గలగలా మాట్లాడే బిడ్డను వస పోసిన పిట్ట అంటారు. అయితే వస నాకించడం వినికిడి పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. ఏడాదిలోపు బిడ్డకు తేనె అసలే ఇవ్వరాదు.

వెనుక నుండి పిలిచినా తిరిగి చూడని బిడ్డకు, వచ్చిన మాటలు మరచిపోతున్న బిడ్డకు ఏ వయసులోనైనా వెంటనే పరీక్ష చేయించాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుమార్లు పరీక్షించవలసి ఉన్నది. బృందం వచ్చేదాకా ఆగకుండా ఆశా కార్యకర్త ద్వారా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని సంప్రదించవచ్చును. వినికిడి, వాక్ లోపాలకు సంబంధించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో ఉన్నది.