ఇంజను బలము, ఇరుసు భారము

బండికి బలమైన యెద్దులను కట్టదలచిన రైతు ముందుగా ఇరుసును, చక్రముల శీలలను సరిచూచుకొనును. లాగు బలము పెరిగినప్పుడు దానిని మోయు భాగములును గట్టిపడవలెనని అతనికి అనుభవము నేర్పినది. అమెరికాలో ‘మజిల్ కార్లు’ అను పేర ప్రసిద్ధికెక్కిన వాహనముల చరిత్ర ఈ పాఠమును ఆలస్యముగా నేర్చుకొన్న కథ.

1932వ సంవత్సరమున హెన్రీ ఫోర్డు చౌక కారులో ఎనిమిది సిలిండర్ల ఇంజనును అమర్చెను. దాని శక్తి 65 అశ్వబలములు. అందొక లోపము కలదు. ఒక్కొక్క ప్రక్క నాలుగు సిలిండర్లున్నను, కాలిన వాయువు వెలువడుటకు మూడే ద్వారములు. నడిమి రెండింటికిని ఒక్కటే దారి. ఆ దారియు ఇంజను దిమ్మెలోనుండి పోవుటచే చల్లబరచు నీరు త్వరగా కాగెడిది. కాలిఫోర్నియా యువకులు పాత ఫోర్డులను కొని, ఎండిన సరస్సుల మైదానములలో వేగపరీక్షలు సాగించుచు వానికి మెరుగులు దిద్దిరి. ఈ పరీక్షలకు కట్టుబాటు కల్పించుటకై 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడినది.

ఆ మెరుగులలో ముఖ్యమైనది హెడర్లను అమర్చుట. సాధారణముగా కర్మాగారపు పోత ఇనుప గొట్టము పొట్టిది, ఇరుకైనది. ఒక సిలిండరు వదలిన వాయువు మరియొకదాని దారికి అడ్డువచ్చును. హెడర్లలో ఒక్కొక్క ద్వారమునకు ఒక్కొక్క ఉక్కు గొట్టముండి, అవి కొంతదూరము వేరుగా సాగి పిదప ఒకచోట కలియును. ముందు వెడలిన వాయువు వెనుక ఏర్పడు అల్పపీడనము తక్కిన వాయువును బయటకు లాగును. ఊపిరి విడుచుట సులువైనచో పీల్చుటయు సులువగును గదా!

అయితే ఈ అధిక బలము క్లచ్చి, గేరుపెట్టె, షాఫ్టు, వెనుక ఇరుసుల మీదుగానే చక్రములను చేరవలెను. అందుచే యువకులు లింకన్ జెఫిర్ కారు పండ్లచక్రములను ఫోర్డు గేరుపెట్టెలో బిగించుకొనిరి. బ్రేకుల సంగతి మరింత విచారింపదగినది. 1939 నమూనా వచ్చువరకు ఫోర్డు కార్లకు ద్రవపీడన బ్రేకులే లేవు.

1964లో కర్మాగారమే ఈ మార్గమును త్రొక్కెను. మధ్యరకపు కార్లలో 330 ఘనపుటంగుళములకు మించిన ఇంజను ఉండరాదని జనరల్ మోటార్స్ సంస్థ నియమము చేసికొనియుండెను. పాంటియాక్ శాఖకు చెందిన జాన్ డెలోరియన్, బిల్ కాలిన్స్, రస్ జీ అను ఇంజనీర్లు 389 ఘనపుటంగుళముల ఇంజనును టెంపెస్ట్ కారులో ఇమిడ్చిరి. దానిని కొత్త కారుగా గాక, కొనువారు కోరిన ఇచ్చు అదనపు సామగ్రిగా చూపి నియమమును దాటిరి. అదియే జి.టి.ఓ. దాని శక్తి 325 అశ్వబలములు. మూడు కార్బురేటర్లతో 348. తొలియేట 32 వేలకు పైగా అమ్ముడుపోయినవి. కాని నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే! ముందు చక్రములకు డిస్కు బ్రేకులు 1967లోగాని లభింపలేదు. ముప్పది రెండేండ్ల క్రిందటి పొరపాటే మరల జరిగినది.

పిమ్మట 1966 నాటి వాహన భద్రతా చట్టము, 1970 నాటి వాయుశుద్ధి చట్టము, 1973 నాటి చమురు కొరత ఒకదానివెంట నొకటి వచ్చి ఆ బలపరీక్షకు తెరదించినవి.

నేడు ఆ తొలి జి.టి.ఓ.లకు అరువదియేండ్లు దాటినవి. వానిని పునరుద్ధరించువారు మొట్టమొదట కోరునది హెడర్ల గర్జన. కాని ఆ గొట్టముల వేడి ప్రక్కనున్న స్టార్టరును బాధించును; పెరిగిన లాగుబలము పాత జాయింట్లను విరుచును. కనుకనే అనుభవజ్ఞులు దృఢమైన వెనుక ఇరుసును వెదకుదురు. 1957 నమూనాతో ఫోర్డు సంస్థ తెచ్చిన తొమ్మిదంగుళముల ఇరుసు అట్టిది. అందు పినియను చక్రమునకు మూడవ బేరింగు ఆధారముగా నుండుటచే అది అధికభారమున కోర్చును.

బ్రేకులు ముందు, ఇరుసు పిదప, గేరుపెట్టె ఆ తరువాత, హెడర్లు చిట్టచివర: ఇదియే ఈ చరిత్ర బోధించు క్రమము. గర్జన వినుటకు వీథి అంతయు ఉన్నది. కారు ఆగవలసిన చోట ఆగుటకు ఇంటిలోనివారు ఎదురుచూచుచుందురు.