కారు చక్రం ఊగుతున్నట్టు శబ్దం వస్తోందా? 30 స్పీడ్‌లో వస్తే ఒక కారణం.. 80 దాటాక వస్తే మరొకటి!

తార్నాక జంక్షన్ దాటి ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ రోడ్డెక్కితే కారులో అప్పటిదాకా వినపడని శబ్దాలు వినిపిస్తాయి. మెట్రో లైన్ కింద హారన్ల మోతలో కలిసిపోయిన 'టక్.. టక్..' చెట్ల మధ్య రోడ్డు మీద, నెమ్మదిగా వెళ్తున్నప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. ఎక్కడో ఓ చక్రం ఊగుతున్నట్టు అనిపిస్తుంది.

'టైర్ సౌండే కదా' అని వదిలేస్తే ప్రాణాల మీదకు రావచ్చు. అలాగని నేరుగా షాపుకెళ్లి 'అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేసేయండి' అంటే డబ్బులు పోతాయి, అసలు సమస్య అలాగే ఉండిపోవచ్చు. శబ్దం ఎప్పుడు వస్తోందో గమనిస్తే చాలు, సగం జబ్బు తెలిసిపోయినట్టే.

20-30 స్పీడ్‌లోనే ఊగుతోందా? వెంటనే ఆపండి

నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఊగడం చిన్న సమస్య అనుకుంటారు చాలామంది. నిజానికి అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. దీనికి ముఖ్యంగా రెండు కారణాలు ఉంటాయి.

మొదటిది, వీల్ నట్లు వదులవడం. ఈమధ్యే పంక్చర్ వేయించినా, స్టెప్నీ మార్చినా ముందు దీన్నే అనుమానించాలి. నట్లు వదులైతే ఇనుము కొట్టుకుంటున్నట్టు శబ్దం వస్తుంది, రోజురోజుకీ పెరుగుతుంది. అలాగే నడిపితే చక్రం ఊడిపోయే ప్రమాదం ఉంది.

రెండోది, టైర్ లోపలి పొరలు విడిపోవడం. వానాకాలంలో నీళ్లు నిండిన గుంతలో చక్రం గట్టిగా పడితే టైర్ పక్క గోడ మీద బుడిపె లేవొచ్చు. ఆ టైర్ ఎప్పుడైనా పేలొచ్చు. దానికి రిపేర్ ఉండదు, మార్చాల్సిందే.

ఇలాంటి శబ్దం వస్తే ఇండికేటర్ వేసి ఎడమ పక్కకు తీసి ఆపండి. ఫ్లైఓవర్ మీద, యూటర్న్ దగ్గర ఆపొద్దు. నట్లు వదులుగా ఉంటే పానాతో బిగించండి. వరసగా కాకుండా ఒకదాని తర్వాత దాని ఎదుటి నట్టు బిగించాలి. 50-100 కి.మీ. తిరిగాక మళ్లీ చెక్ చేయించాలి. బోల్టు మర దెబ్బతిన్నా, రిమ్ రంధ్రం సాగినా కారు నడపొద్దు, టోయింగ్ వ్యాన్ పిలవండి.

80 దాటాక స్టీరింగ్ వణికితే?

సిటీలో బాగానే ఉండి, ఉప్పల్ దాటి వరంగల్ హైవే ఎక్కాక వణుకు మొదలైతే ఎక్కువగా వీల్ బ్యాలెన్సింగ్ సమస్యే. రిమ్‌కు అతికించిన చిన్న బరువు ఊడిపోయినా ఇలా జరుగుతుంది. స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనక చక్రాలు చూడాలి. బ్యాలెన్సింగ్ చేసినా తగ్గకపోతే రిమ్ వంగిందేమో చెక్ చేయించండి.

'గూయ్' మని మోత వస్తే బేరింగ్!

స్పీడ్‌తో పాటు పెరిగే మోత వీల్ బేరింగ్‌ది కావచ్చు. కుడివైపు మలుపులో కారు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే ఎడమ బేరింగ్‌ను అనుమానించాలి. ఎడమవైపు తిరిగినప్పుడు పెరిగితే కుడి బేరింగ్.

టైర్ ఎగుడుదిగుడుగా అరిగినా ఇలాంటి మోతే వస్తుంది. తేడా తెలియాలంటే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. రెండింటి సైజు ఒకటైతేనే ఇలా చేయాలి. మోత కూడా చోటు మారితే తప్పు టైర్‌ది, మారకపోతే బేరింగ్‌ది.

ఇవి కూడా గమనించండి

* స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు 'టిక్ టిక్': సీవీ జాయింట్
* బ్రేక్ వేసినప్పుడే వణుకు: బ్రేక్ డిస్క్
* స్పీడ్ బ్రేకర్ల మీద 'టక్': సస్పెన్షన్ లింకులు, బుష్‌లు
* చాలా రోజులు ఆగిన కారులో వచ్చి, కొన్ని కి.మీ. తర్వాత పోయే శబ్దం: టైర్ అడుగు చదునవడం. సాధారణంగా భయం లేదు
* చక్రం తిరిగే వేగానికి తగ్గట్టు సన్నగా 'టిక్ టిక్': టైర్ గాడిలో ఇరుక్కున్న రాయి

ఇంటి దగ్గరే చెక్ చేయొచ్చు

సమతలంగా ఉన్న చోట హ్యాండ్ బ్రేక్ వేసి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి ముందు చక్రాన్ని జాకీతో లేపండి. కారు కిందకు మాత్రం వెళ్లొద్దు. చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపండి. కదిలితే బేరింగ్ గానీ, బాల్ జాయింట్ గానీ అరిగినట్టు. ఇంకొకరు బ్రేక్ తొక్కి పట్టుకున్నప్పుడు ఆ కదలిక ఆగితే అది బేరింగే. కుడి, ఎడమ పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే కదిలితే స్టీరింగ్ లింకుల్లో 'ప్లే' ఉన్నట్టు. టైర్ గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మార్చేయాలి.

మెకానిక్‌కి ఇలా చెప్పండి

'ఏదో సౌండ్ వస్తోందన్నా' అంటే అతను అన్నీ విప్పి చూడాలి. 'ఎడమ ముందు చక్రం అన్నా, 30 స్పీడ్‌లో వస్తోంది, బ్రేక్ వేసినా తగ్గట్లేదు' అని చెప్పండి. వీలైతే పక్కన కూర్చున్నవారితో ఫోన్‌లో శబ్దం రికార్డ్ చేయించండి. ఏ పార్టు మార్చినా పాతది అడిగి చూడండి.