కూలిన చోట మొదలయ్యే కథ

2019 మార్చిలో ఇథియోపియాలో బోయింగ్ 737 మ్యాక్స్ విమానం కూలి 157 మంది చనిపోయారు. అంతకు ఐదు నెలల ముందే ఇండొనేసియాలో అదే రకం విమానం 189 మందితో సముద్రంలో పడింది. ఆ రకం విమానాలన్నిటినీ ప్రపంచమంతటా నేల మీదే నిలిపేశారు. అవి ఇంకా అలా నిలిచి ఉండగానే, ఆ జులైలో బ్రిటన్ టీవీలో ‘డిపార్చర్’ అనే ఆరు ఎపిసోడ్ల సస్పెన్స్ సీరియల్ మొదలైంది. న్యూయార్క్ నుంచి లండన్ వస్తున్న 716 నంబరు విమానం అట్లాంటిక్ మీద మాయమైపోతుంది. భర్తను పోగొట్టుకుని ఉద్యోగానికి దూరంగా ఉన్న దర్యాప్తు అధికారి కెండ్రా మాలీని పాత పైఅధికారి హోవర్డ్ లాసన్ మళ్లీ పిలిపిస్తాడు. కెండ్రాగా భారతీయ మూలాలున్న బ్రిటిష్ నటి ఆర్చీ పంజాబీ, హోవర్డ్‌గా క్రిస్టఫర్ ప్లమర్ నటించారు. కథ అంతకు ముందు తయారైనదే అయినా, చూసేవాళ్ల మనసులో మ్యాక్స్ ఉంది, 2014లో 239 మందితో అదృశ్యమైన మలేసియా విమానం ఉంది.

కెనడా, బ్రిటన్ నిర్మాతలు కలిసి తీసిన ఈ సీరియల్ గొప్ప కళాఖండం కాదు. అయినా దీని గురించి రాయాలనిపించడానికి కారణం ఉంది. తెర మీద పోలీసులకు, డాక్టర్లకు, లాయర్లకు వేల గంటలు దక్కాయి. ప్రమాదం జరిగిన చోటికి మరుసటి రోజు వెళ్లి, నట్టూ బోల్టూ ఏరుకుని, ఇలాంటిది మళ్లీ జరగకూడదని ఏళ్ల తరబడి కూర్చుని పనిచేసే మనుషులకు దక్కింది బహు తక్కువ. దక్కిన కాస్తలోనూ వాళ్ల అసలు పని తరచుగా పక్కకు పోయింది. ఈ కథలకు డెబ్బై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. దోషిని పట్టుకోవాలన్న కథకుడి ఆత్రమూ, కారణం తేల్చాలన్న దర్యాప్తు పద్ధతీ ఇన్నేళ్లుగా అందులో పెనుగులాడుతూనే ఉన్నాయి.

నా లెక్కలో ఈ చరిత్రకు నేపథ్యం 1930 నుంచి మొదలుపెట్టాలి. ఆ అక్టోబరు 5న, కరాచీకి బయల్దేరిన ఆర్101 అనే బ్రిటిష్ ఎయిర్‌షిప్ ఫ్రాన్స్‌లోని బొవే దగ్గర కొండవాలును గుద్దుకుని కాలిపోయింది. 48 మంది చనిపోయారు. విచారణ సంఘానికి అధ్యక్షుడు సర్ జాన్ సైమన్. అవును, మద్రాసులో టంగుటూరి ప్రకాశం పంతులు తుపాకులకు గుండె చూపించిన నాటి సైమన్ కమిషన్ సైమనే. ఆర్101కు పోటీగా తయారైన ఆర్100 ఎయిర్‌షిప్ బృందంలో నెవిల్ షూట్ అనే యువ ఇంజినీరు ఉన్నాడు. రాజకీయ తొందర ఒక యంత్రాన్ని ఎలా బలి తీసుకుంటుందో దగ్గర నుంచి చూసినవాడు. తర్వాత నవలాకారుడై 1948లో ‘నో హైవే’ రాశాడు.

అందులో కథానాయకుడు హనీ ఫార్న్‌బరో పరిశోధనశాలలో పనిచేసే పరధ్యానపు శాస్త్రవేత్త. కొత్త రకం విమానం తోక భాగం 1,440 గంటలు ఎగిరాక లోహం అలసిపోయి విరుగుతుందని అతని లెక్క. అంతకు ముందు లాబ్రడార్‌లో అలాంటి విమానం ఒకటి కూలితే పైలట్ పొరపాటని తేల్చేసి ఫైలు మూసేశారు. ఆ విమానం శకలాలు చూడటానికి బయల్దేరిన హనీకి, తాను ఎక్కిందీ అదే రకమనీ దాని గంటలు దాదాపు నిండాయనీ గాల్లో ఉండగా తెలుస్తుంది. దారిలో గాండర్‌లో దిగాక ఎవరూ మాట వినకపోతే, నిలబడి ఉన్న విమానం చక్రాలను తానే మీట లాగి ముడిచేస్తాడు. విమానం నేల మీద కూలబడుతుంది. 1951లో సినిమాగా వచ్చినప్పుడు హనీ పాత్ర జేమ్స్ స్టీవర్ట్ వేశాడు. ఇందులో దుర్మార్గుడెవరూ లేరు. ఉన్నదల్లా అలసిన లోహం, నమ్మని అధికారులు, తన లెక్క తప్పేమోనని లోలోపల వణికే మనిషి. సస్పెన్స్‌కు అంతే చాలింది. ఈ కోవలో ఇంతకు మించిన కథ నాకు నేటికీ కనపడలేదు.

కల్పన చెప్పింది ఆరేళ్లలో నిజమైంది. 1952 మేలో ప్రయాణికులతో ఎగరడం మొదలుపెట్టిన తొలి జెట్ విమానం కామెట్. సరిగ్గా ఏడాదికి కలకత్తా నుంచి లేచిన కామెట్ నిమిషాల్లో ముక్కలైంది, 43 మంది పోయారు. ఈదురుగాలి అన్నారు. 1954 జనవరిలో ఇటలీ దగ్గర ఎల్బా దీవి పక్కన 35 మందితో ఇంకొకటి, ఏప్రిల్‌లో నేపుల్స్ దగ్గర 21 మందితో మరొకటి సముద్రంలో పడ్డాయి. ఎల్బా విమానం ముక్కల కోసం బ్రిటిష్ నౌకాదళం నీటి అడుగుకు టెలివిజన్ కెమెరాలు దించింది. టీవీ దర్యాప్తు కథలు చెప్పడం కంటే ముందే దర్యాప్తులో పనిచేసిందన్నమాట.

అసలు దృశ్యం ఫార్న్‌బరోలోనిది. ఆర్నాల్డ్ హాల్ నాయకత్వంలోని బృందం ఒక కామెట్‌ను రెక్కలు బయటికి ఉండేలా పెద్ద నీళ్ల తొట్టిలో బిగించింది. క్యాబిన్ లోపలికి నీళ్లు పంపు చేస్తూ ఒత్తిడి పెంచడం, తగ్గించడం, రెక్కలను జాకీలతో పైకీ కిందికీ ఊపడం. ఒక్కో విడత ఒక్కో ప్రయాణంతో సమానం. గాలి నింపి చేస్తే పగిలినప్పుడు బాంబులా పేలి ఆధారాలన్నీ చెదిరిపోతాయి. నీళ్లయితే చీలిక పుట్టిన చోటు చెక్కుచెదరకుండా కనపడుతుంది. రాత్రింబగళ్లు అదే పని. నిజంగా ఎగిరిన 1,221 విడతలూ తొట్టిలోని 1,836 విడతలూ కలిపి 3,057 దగ్గర క్యాబిన్ గోడ చీలింది. చీలిక అత్యవసర ద్వారం మూల, బిగింపు రంధ్రం దగ్గర మొదలైంది. నేరస్థుడు దొరికాడు, కానీ అరెస్టు చేయడానికి చేతులు కాళ్లు లేనివాడు. మనం ఇవాళ ఎక్కే ప్రతి విమానం రూపకల్పనలోనూ ఆ తొట్టి నేర్పిన పాఠం ఉంది.

కామెట్ చర్చల్లోనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డేవిడ్ వారెన్‌కు ఒక ఆలోచన వచ్చింది. కాక్‌పిట్‌లో మాటలు ఎప్పటికప్పుడు రికార్డవుతూ ఉంటే, విమానం పోయినా ఆ మాటలు మిగులుతాయి కదా అని. ఆయన తండ్రి 1934లో బాస్ జలసంధిలో విమానం కూలి చనిపోయాడు. అప్పటికి వారెన్ వయసు తొమ్మిదేళ్లు. మొదట సొంత దేశంలో పట్టించుకోలేదు, ఇంగ్లండ్ వాళ్లు ఆసక్తి చూపించాకే కదలిక వచ్చింది. బ్లాక్ బాక్స్ అని పిలిచే ఆ నారింజ రంగు పెట్టె దర్యాప్తుకు ప్రాణమైంది, కథకులకు వరమైంది. చనిపోయినవాళ్ల గొంతు వినే గది అన్నది అంతకు ముందు ఏ నాటకంలోనూ లేని సన్నివేశం. 1999లో న్యూయార్క్ రంగస్థలం మీద ‘చార్లీ విక్టర్ రోమియో’ ఆ రికార్డుల మాటలనే నాటకంగా ఆడింది. 2021లో ఫ్రెంచి సినిమా ‘బ్వాత్ న్వార్’ ధ్వనిని విశ్లేషించే అధికారిని కథానాయకుణ్ణి చేసింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకే శబ్దాన్ని పదే పదే వింటూ కూర్చునే మనిషితో రెండు గంటలు కట్టిపడేయడం తేలిక కాదు. ఆ సినిమా చాలా వరకు చేయగలిగింది, చివర్లో కుట్ర వైపు మళ్లేదాకా.

హాలీవుడ్ 1964లో ‘ఫేట్ ఈజ్ ది హంటర్’ తీసింది. చనిపోయిన పైలట్ మీదికే అందరూ నెపం నెట్టేస్తుంటే, అతని స్నేహితుడైన అధికారి ఒప్పుకోడు. ప్రమాదాన్ని మళ్లీ అడుగడుగునా జరిపించి చూస్తాడు. ఒలికిన కాఫీ వైర్లలోకి దిగి, లేని మంట ఉన్నట్టు హెచ్చరిక వెలిగిందని తేలుతుంది. ఎంత చిన్న కారణం! 1970ల ‘ఎయిర్‌పోర్ట్’ తరహా సినిమాల్లో మాత్రం దర్యాప్తు అధికారికి చోటే లేకుండా పోయింది. ప్రమాదమే తమాషా అయినప్పుడు తర్వాత ఏం జరిగిందో ఎవరికి కావాలి?

అదే కాలంలో తెర బయట ఈ వృత్తి నిలదొక్కుకుంది. అమెరికాలో జాతీయ రవాణా భద్రతా బోర్డు (ఎన్‌టీఎస్‌బీ) 1967లో ఏర్పడి 1975లో పూర్తి స్వతంత్రమైంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1951లో తెచ్చిన పదమూడో అనుబంధమే ఇవాళ్టికీ ఈ వృత్తికి రాజ్యాంగం లాంటిది. దాని ప్రకారం దర్యాప్తు లక్ష్యం ఒక్కటే, మళ్లీ ప్రమాదం జరగకుండా చూడటం. ఎవరి తప్పు, ఎవరికి శిక్ష అన్నది కోర్టుల పని. 2003లో కెనడాలో ‘మేడే’ పేరుతో మొదలై ‘ఎయిర్ క్రాష్ ఇన్వెస్టిగేషన్’గా లోకమంతా తిరిగిన డాక్యుమెంటరీ సీరియల్ ఈ సూత్రాన్ని నమ్ముకునే నడిచింది. ఒక్కో భాగం ఒక్కో ప్రమాదం, చివర ఆ ప్రమాదం వల్ల ఏం మారిందో ఒక మాట. నటన అంతంత మాత్రం. అయినా సామాన్య ప్రేక్షకుడికి దర్యాప్తు మీద గౌరవం నేర్పిన కార్యక్రమం అదే.

ఇలాంటి కథలకు పుట్టిల్లైన కెనడాకు సొంత గాయం ఒకటి ఉంది. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా ‘కనిష్క’ ఐర్లండ్ తీరానికి దూరంగా పేలిపోయి 329 మంది చనిపోయారు. కేబుల్ ఓడ నుంచి దించిన రోబో సుమారు రెండు కిలోమీటర్ల లోతు నుంచి రికార్డర్లు పైకి తెచ్చింది. సామాను గదిలో బాంబు పేలిందని మన జస్టిస్ కిర్పాల్ విచారణ తేల్చింది. పోయినవాళ్లలో 268 మంది కెనడా పౌరులు. అయినా ఆ దేశ ప్రధాని మల్‌రోనీ సంతాపం చెప్పడానికి ఫోన్ చేసింది రాజీవ్ గాంధీకి! అది కెనడా విషాదమని అక్కడి విచారణ సంఘం గట్టిగా చెప్పడానికి 2010 దాకా పట్టింది. కనిష్క విషయంలో నిజంగానే హంతకులున్నారు, దర్యాప్తు వాళ్ల దగ్గరికే దారి తీయాలి. కానీ ప్రతి ప్రమాదమూ కనిష్క కాదు. కల్పిత కథలు ఆ తేడా పాటించకపోవడమే నా ఫిర్యాదు.

2016లో క్లింట్ ఈస్ట్‌వుడ్ ‘సల్లీ’ ఆ తేడాను ఇంకో రకంగా చెరిపేసింది. హడ్సన్ నదిలో విమానం దించి 155 మందిని బతికించిన పైలట్‌ను వేధించే విలన్లుగా దర్యాప్తు అధికారులనే చూపించింది. ఆ కేసులో పనిచేసినవాళ్లు నొచ్చుకున్నారు, న్యాయంగానే. మన హిందీ ‘రన్‌వే 34’లో అమితాబ్ బచ్చన్ వేసిన దర్యాప్తు అధికారిదీ దాదాపు ప్రాసిక్యూటర్ వాలకమే.

‘డిపార్చర్’కు మళ్లీ వస్తే, రెండో సీజన్‌లో టొరంటో నుంచి షికాగో వెళ్లే హైస్పీడ్ రైలు పట్టాలు తప్పుతుంది. మూడో సీజన్‌లో న్యూఫౌండ్‌లండ్ దగ్గర ఫెర్రీ మునుగుతుంది, హనీ చక్రాలు ముడిచిన గాండర్ ఉన్న సీమలోనే. గాలి, నేల, నీరు మూడింటికీ ఒకే బృందం. ఈ ఊహ నాకు బాగా నచ్చింది. ప్లమర్ 2021 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. తొంభై ఏళ్లకు అటూ ఇటూ వయసులో ఆ హోవర్డ్ పాత్రలో కనపడే నెమ్మది సీరియల్ మొత్తంలో వృత్తికి దగ్గరగా ఉన్న ఒకే విషయం. మిగతాదంతా పరుగే. ప్రతి ఎపిసోడ్ చివర ఒక అనుమానితుడు, తర్వాతి ఎపిసోడ్‌లో వాడు కాదని తేలడం. సముద్రంలో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం రికార్డర్లు అడుగున దొరకడానికే దాదాపు రెండేళ్లు పట్టింది, తుది నివేదికకు మూడేళ్లు. ఆ నిరీక్షణలో ఎంత కథ ఉందో ఈ రచయితలు చూడలేదు.

ఫెర్రీ కథ రాసేవాళ్లకు 1987 నాటి ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ ఫెర్రీ ఉదాహరణ ఉండనే ఉంది. బెల్జియంలోని జీబ్రగ్ రేవు నుంచి ముందు తలుపులు తెరిచే బయల్దేరి నిమిషాల్లో ఒరిగిపోయింది, 193 మంది పోయారు. తలుపులు మూయాల్సిన ఉద్యోగి తన గదిలో నిద్రపోయాడు. దోషి దొరికాడని అక్కడితో కథ ముగించవచ్చు. విచారణ జరిపిన జస్టిస్ షీన్ ముగించలేదు. తలుపు మూసుకుందో లేదో కెప్టెన్‌కు తెలిసే దీపం ఒక్కటీ ఓడ మీద ఎందుకు లేదని అడిగాడు. దీపాలు పెట్టమని కెప్టెన్లు అంతకు ముందే అడిగితే కంపెనీ పెద్దలు తోసిపుచ్చారని బయటపడింది. నిద్రపోయిన మనిషి నుంచి మేనేజర్ల గది దాకా మెట్టు మెట్టుగా పైకెక్కే ఆ విచారణ ఎంత ఉత్కంఠగా ఉంటుందో!

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం కూలినప్పుడు, ‘డిపార్చర్’ మొదటి సీజన్‌లోలాగే, విమానంలో ఉన్నవాళ్లలో ఒక్కరే బతికారు. నెలకు వచ్చిన ప్రాథమిక నివేదిక ఇంధన స్విచ్‌లు కట్‌ఆఫ్‌కు మారాయని చెప్పింది, ఎందుకు మారాయో చెప్పలేదు. టీవీ చర్చల్లో మాత్రం తీర్పులు వెలువడ్డాయి. తెర మనకు అలవాటు చేసిన తొందర అది. 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్‌లోకి వెళ్లి ఇనుప ఖనిజం గూడ్సును గుద్దినప్పుడూ అంతే. విద్రోహం అన్నవాళ్లున్నారు. రైల్వే భద్రతా కమిషనర్ నివేదిక సిగ్నల్ వైరింగ్‌లో అంతకు ముందెప్పుడో చేసిన మార్పుల్లోని లోపాన్ని చూపించింది. ఆ కమిషనర్లు పనిచేసేది రైల్వే శాఖ కింద కాదు, పౌర విమానయాన శాఖ కింద. తన ప్రమాదాన్ని తానే విచారించుకోకూడదన్న ఈ ఏర్పాటు గురించి మనలో ఎంతమందికి తెలుసు?

తెలుగులో ఎవరైనా ఈ కోవలో సీరియల్ తీస్తానంటే వలిగొండ నుంచి మొదలుపెట్టమంటాను. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున, తెగిన చెరువు నీళ్లు చిన్న రైలు వంతెనను కొట్టుకుపోతే డెల్టా ప్యాసింజర్ బోగీలు ఆ వరదలో పడి వందమందికి పైగా చనిపోయారు. అందులో కుట్ర లేదు, చేజింగ్ లేదు. వాన ఎంత పడింది, ఆ చెరువు కట్టను చివరిసారి ఎవరు చూశారు, కట్ట తెగిన కబురు స్టేషన్‌కు చేరే దారి ఉందా, అంత నీటికి తట్టుకునేలా ఆ వంతెన కట్టారా? ఒక్కో ప్రశ్నకు ఒక్కో ఎపిసోడ్ పడుతుంది.