తూటా తగిలిన పునాది రాయి

కిందటేడు చికాగోలో మా అబ్బాయి దగ్గర మూడు నెలలున్నాను. ఒక శనివారం పొద్దున్న మనవరాలు వచ్చి, "తాతయ్యా, దయ్యాలున్న చర్చి చూద్దువుగాని రా" అంది. మన బడిలో సైన్సు గది వెనక నుయ్యి గుర్తొచ్చింది. దాంట్లో దయ్యం ఉందని పదో తరగతి దాకా నమ్మినవాణ్ణి. సరే పదమన్నాను.

ఆ చర్చి పేరు హోలీ నేమ్ కెథెడ్రల్. స్టేట్ స్ట్రీట్ మీద ఉంది. 1871లో చికాగో నగరాన్ని తగలబెట్టిన అగ్నిప్రమాదంలో పాత చర్చి కాలిపోతే, దాని బదులు దీన్ని కట్టి 1875లో ప్రతిష్ఠ చేశారు. లోపల తలెత్తి చూస్తే పైకప్పు నుంచి ఎర్ర టోపీలు వేలాడుతుంటాయి. చనిపోయిన కార్డినల్సువి అవి. అవి శిథిలమై రాలిపోయేదాకా అలాగే ఉంచడం వాళ్ళ ఆచారమట. నాకైతే దయ్యాల కథకన్నా ఆ టోపీలే ఒళ్ళు జలదరింపజేశాయి.

అసలు కథ బయట, వీధిలో జరిగింది. 1920 నుంచి 1933 దాకా అమెరికా అంతటా మద్యనిషేధం. దొంగసారా వ్యాపారంలో చికాగో ముఠాలు కోట్లు గడించాయి. దక్షిణం వైపు టోరియో, అతని వెనకే కపోన్. ఉత్తరం వైపు డీన్ ఒబానియన్. ఈ ఒబానియన్ చిన్నప్పుడు ఇదే చర్చి గాయక బృందంలో పాడిన కుర్రాడు. పెద్దయ్యాక చర్చికి ఎదురుగానే పూల దుకాణంలో వాటాదారయ్యాడు. పూలంటే నిజంగానే ఇష్టమట. ముఠా వాళ్ళెవరు పోయినా దండలు అక్కణ్ణుంచే వెళ్ళేవి. 1924 నవంబరు 10న ముగ్గురు మనుషులు ఒక చావుకి పూలు కావాలని వచ్చారు. ఒకడు కరచాలనం చేస్తున్నట్టు అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, మిగతావాళ్ళు కాల్చేశారు. అప్పటికి అతని వయసు 32.

ఆ ముఠా హైమీ వైస్ చేతికొచ్చింది. రెండేళ్ళు తిరక్కుండా, 1926 అక్టోబరు 11న, అతను ఆ పూలకొట్టుకే నడిచి వస్తుంటే, పక్కింటి మేడ మీద గది అద్దెకు తీసుకుని కాచుకున్నవాళ్ళు మెషిన్ గన్‌తో కాల్చారు. వైస్‌తో పాటు ఇంకొకడు చనిపోయాడు, ముగ్గురు గాయపడ్డారు. వైస్‌కి 28 ఏళ్ళే. గురి తప్పిన తూటాలు ఎదుటి చర్చి పునాది రాయికి తగిలి, దాని మీద చెక్కిన బైబిలు వాక్యంలో అక్షరాలు ఎగిరిపోయాయి. ఈ రెండు హత్యల్లోనూ ఎవరికీ శిక్ష పడలేదు.

ఇక దయ్యం సంగతి. ఆ రాతి గుంటలు ఎన్నిసార్లు పూడ్చినా మళ్ళీ బయటపడతాయని టూరు గైడ్లు చెబుతారు. రాయిని మాత్రం తర్వాత బాగుచేశారు. మేమిద్దరం గోడ పొడుగునా తడుముకుంటూ తిరిగాం. మనవరాలికి ప్రతి గీతా తూటా దెబ్బే! మన సోషల్ మాస్టారుంటే, "ఎవడు చూశాడ్రా? ఎక్కడ రాశాడు?" అని బెత్తం ఆడించేవారు. పూలకొట్టు ఇప్పుడు లేదు.

నన్ను పట్టుకున్నది వేరే విషయం. ఒబానియన్‌కి చర్చిలో అంత్యక్రియల పూజకి పెద్దలు ఒప్పుకోలేదు. చిన్నప్పటినుంచి ఎరిగిన ఒక ఫాదర్ మాత్రం సమాధి దగ్గరికి వెళ్ళి ప్రార్థన చెప్పి వచ్చారు. ఆ సంగతి తెలిశాక చాలాసేపు ఆ మెట్ల మీదే కూర్చున్నాను.

1976 బ్యాచ్ వాళ్ళకి అర్థమైపోయి ఉంటుంది. ప్రేయర్‌లో రోజూ ముందు నిలబడి పాడేవాడు మనకొకడుండేవాడు. జలుబు చేసి వాడు రాని రోజున మనం అపశ్రుతిలో అరుస్తుంటే హెడ్మాస్టారు చెవులు మూసుకునేవారు. 1995లో మన రాష్ట్రంలోనూ మద్యనిషేధం వచ్చింది. నిషేధం లేని యానాం మనకి పడవ ప్రయాణమంత దూరం. మొదట సైకిలు మీద నాలుగు సీసాలు, తర్వాత వ్యాను. 1997లో నిషేధం ఎత్తేసేసరికి వాడి మీద కేసులున్నాయి, చుట్టూ శత్రువులున్నారు, ఇంట్లో తాగుడుంది. వాడు పోయినప్పుడు మనలో ఎవరం వెళ్ళలేదు. నేను రాజమండ్రిలోనే ఉన్నాను, అయినా వెళ్ళలేదు. సెలవు దొరకలేదని అందరికీ చెప్పాను. అడగనేలేదు.

ఈ సంచికలో వేయడానికి మన బ్యాచ్ పేర్ల జాబితా సరిచూడమని కమిటీ వారు నాకు పంపారు. అందులో వాడి పేరు లేదు. మరిచిపోయారో, వద్దనుకున్నారో నేనడగలేదు. టెన్త్ బి కింద, హాజరుపట్టీలో వాడి నంబరు ఎక్కడ ఉండేదో అక్కడే, 17 దగ్గర, పెన్నుతో రాసి తిప్పి పంపాను.