సినిమా రీలు కథ – ఫిల్ము నుంచి డిజిటల్ దాకా

సినిమా చూసి ఇంటికి వచ్చాక మనం కథ గురించీ, పాటల గురించీ, నటీనటుల గురించీ మాట్లాడుకున్నాం గాని, ఆ బొమ్మ దేనిమీద అచ్చయి ఉందో పట్టించుకున్నది తక్కువ. ఫిల్ము తెగి తెర తెల్లబడి, నేల తరగతివారు ఈలలు వేసినప్పుడే రీలు అనేది ఒకటుందని గుర్తొచ్చేది. సుమారు నూట పాతికేళ్ళు ప్రపంచాన్నంతా నవ్వించి, ఏడిపించిన ఆ రీలు మన కళ్ళముందే, పదిహేనేళ్ళ వ్యవధిలో, దాదాపు కనుమరుగైంది. మన కార్యాలయాల్లో టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు రావడం చూసినవాళ్ళం కనుక ఈ మార్పు మనకు కొత్తగా తోచదు. అయితే టైపు మిషను పోయినా, దానిమీద కొట్టిన కాగితం ఫైలులో నిలిచింది. సినిమా విషయంలో పోయింది యంత్రం మాత్రమేనా, కాగితం కూడానా అన్నదే ఆలోచించవలసిన ప్రశ్న. ఆ చరిత్రను క్లుప్తంగా మన సభ్యుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సెల్యులాయిడ్ పుట్టుక

అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ కంపెనీ 1889లో పారదర్శకంగా, చుట్టగా చుట్టడానికి వీలయ్యే ఫిల్మును అమ్మకానికి తెచ్చింది. ఎడిసన్ వద్ద పనిచేసిన డిక్సన్ దానిని 35 మిల్లీమీటర్ల వెడల్పుకు తగ్గించి, రెండు అంచులా రంధ్రాలు పెట్టించాడు. ఆ కొలతే ప్రపంచమంతటికీ ప్రమాణమైంది. 1895 డిసెంబరు 28న లూమియేర్ సోదరులు ప్యారిస్‌లో డబ్బు తీసుకుని ప్రదర్శన ఇచ్చారు. ఆరునెలలు తిరగ్గానే, 1896 జూలై 7న, బొంబాయిలో వాట్సన్ హోటల్‌లో అవే బొమ్మలు ఆడాయి.

ఈ తొలి ఫిల్ము నైట్రేట్ రకం. తుపాకి మందుకు వాడే నైట్రేట్ పత్తికి ఇది దగ్గరి చుట్టం. ఒకసారి అంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు, ఎందుకంటే మండడానికి కావలసిన ప్రాణవాయువును అదే విడుదల చేసుకుంటుంది. పాత సినిమా హాళ్ళలో ప్రొజెక్టరు గదికి ఇనుప తలుపులు, చిన్న కిటికీలు పెట్టిన కారణం ఇదే. ఈస్ట్‌మన్ కొడక్ సంస్థ 1950ల మొదట్లో నైట్రేట్ తయారీని మానివేసింది. దాని స్థానంలో తేలిగ్గా అంటుకోని ఎసిటేట్ ఫిల్ము వచ్చింది. అదీ నిర్దోషి కాదు. వేడికి, తేమకు కొన్నేళ్ళలో పులిసి, డబ్బా మూత తీయగానే వినిగర్ వాసన కొడుతుంది. ఆ జబ్బు పట్టిన రీలు ముడుచుకుపోతుంది, పక్క రీళ్ళకూ అంటిస్తుంది. ఇక రంగుల ఫిల్ములో రంగులు ఒక్కొక్కటే వెలిసిపోతాయి. పాత రంగుల చిత్రాలు కొన్ని ఎర్రగా కనబడటం మనలో చాలామందికి అనుభవమే.

అడుగుల లెక్క

ఫిల్ము రోజుల్లో సినిమాను గంటల్లో కాక అడుగుల్లో కొలిచేవారు. సెకనుకు 24 బొమ్మలు, అడుగుకు 16 బొమ్మలు. అంటే నిమిషానికి 90 అడుగులు. రెండున్నర గంటల చిత్రానికి 13,500 అడుగులు, వెయ్యి అడుగుల రీళ్ళు పద్నాలుగు. ఇది తెరమీద ఆడే లెక్క మాత్రమే. నటుడు మాట తడబడినా, మబ్బు పట్టినా, మళ్ళీ తీసిన ప్రతి టేకుకూ ముడి ఫిల్ము ఖర్చయ్యేది.

ఆ ముడి ఫిల్ము మన దేశంలో తయారయ్యేది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కొరత ఏర్పడి, చిత్రం నిడివి 11,000 అడుగులు దాటరాదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. అంటే రెండు గంటల రెండు నిమిషాలు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా విదేశీ మారకద్రవ్యం కొరత వల్ల దిగుమతికి లైసెన్సులు, కోటాలు తప్పలేదు. రంగుల చిత్రం తీయడమంటే సాహసం. తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రం 'లవకుశ' డబ్బు ఇబ్బందుల వల్ల మధ్యలో ఏళ్ళ తరబడి ఆగిపోయి, 1963లో గాని విడుదల కాలేదు.

ఈ పరాధీనత తప్పించడానికే కేంద్ర ప్రభుత్వం 1960లో ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థను స్థాపించింది. ఫ్రెంచి సాంకేతిక సహకారంతో 1967లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. 'ఇందు' పేరుతో నలుపు తెలుపు ఫిల్ము, ఎక్స్‌రే ఫిల్ము దేశమంతా వాడారు. కాని రంగుల నెగెటివ్‌కు మాత్రం మన పరిశ్రమ కొడక్, ఫ్యూజీ, తూర్పు జర్మనీ వారి ఓర్వో కంపెనీల మీదే ఆధారపడింది.

ఫిల్ము ఖరీదు ఒక క్రమశిక్షణను కూడా నేర్పింది. కెమెరా తిరిగే ముందు రిహార్సల్స్ పూర్తిగా జరిగేవి. తీసిన షాటు ఎలా వచ్చిందో ఆ క్షణాన ఎవరికీ తెలియదు. నెగెటివ్ లాబరేటరీకి వెళ్ళి, కడిగి, ప్రింటు వేసిన తరువాతే తెలిసేది. అందుచేత ఛాయాగ్రాహకుడి అంచనా మీద యూనిట్ మొత్తం నమ్మకం పెట్టుకునేది. 1957 నాటి 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్‌లీ చూపిన మాయలన్నీ కంప్యూటరు సహాయం లేకుండా, కెమెరాలోనూ లాబరేటరీలోనూ సాధించినవే.

వెండి కోసం కరిగిపోయిన చిత్రాలు

నలుపు తెలుపు ఫిల్ము మీద కనబడే నలుపు నిజానికి సన్నని వెండి రేణువులే. ఆడినన్ని రోజులు ఆడాక, అరిగిపోయిన ప్రింట్లను వెండి కోసం కరిగించేవారికి అమ్మేయడం మామూలైపోయింది. సినిమాకు రెండో జీవితం ఉంటుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. టెలివిజన్ ఇంకా రాలేదు కదా.

ఫలితం ఇప్పుడు చూస్తున్నాం. మన దేశంలో 1,300కు పైగా మూకీ చిత్రాలు తయారైతే, పూర్తిగానో ముక్కలుగానో మిగిలినవి ముప్పైకి అటూ ఇటూ మాత్రమే. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాష్ మద్రాసులో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' లేదు. 1931 నాటి తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' లేదు. అదే ఏడాది వచ్చిన 'కాళిదాస్' లేదు. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో 1932లో విడుదలైన మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' కూడా లేదు. ఈ మూడు టాకీలలోనూ నటించిన ఎల్.వి. ప్రసాద్ తరువాత దర్శక నిర్మాతగా ఎదిగి, స్టూడియో, కలర్ లాబరేటరీ నెలకొల్పారు. ఆయన స్థాపించిన సంస్థే ఇటీవలి దశాబ్దాల్లో పాత చిత్రాలను కంప్యూటరుతో బాగుచేసే పనిలో పేరు తెచ్చుకుంది. కాని బాగుచేద్దామన్నా, ఆయన నటించిన ఆ తొలి టాకీల రీలు ముక్క దొరకదు.

1964లో పుణేలో జాతీయ ఫిల్ము భాండాగారం ఏర్పడింది. పి.కె. నాయర్ అనే అధికారి ఊరూరా తిరిగి, పాత సామాన్ల గోదాముల్లోంచి కూడా రీళ్ళు సేకరించారు. ఫాల్కే చిత్రాలలో నేడు మిగిలిన భాగాలు దక్కడానికి ఆయన పట్టుదలే కారణం. 2003 జనవరిలో పుణేలో నైట్రేట్ రీళ్ళు దాచిన గదులు అగ్నికి ఆహుతైనప్పుడు మరెన్నో చిత్రాలు పోయాయి.

అంకెల రంగప్రవేశం

చిత్రమేమిటంటే, డిజిటల్ కెమెరా పుట్టింది ఫిల్ము అమ్ముకుని బతికిన కొడక్ కంపెనీలోనే. 1975లో అక్కడి ఇంజనీరు స్టీవెన్ శాసన్ తయారుచేసిన ఆ పెట్టె ఒక నలుపు తెలుపు బొమ్మను టేపు మీద ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకుంది. బొమ్మలో చుక్కలు పదివేలు మాత్రమే. కంపెనీ దానిమీద పెద్ద ఆసక్తి చూపలేదు.

సినిమాలో డిజిటల్ మొదట పోస్ట్ ప్రొడక్షన్ గుమ్మంలోంచి ప్రవేశించింది. 1990లలో ఎడిటింగు కంప్యూటరు మీదికి మారింది. ఫిల్ము మీద తీసి, మొత్తం స్కాన్ చేసి, రంగులు సరిచేసి మళ్ళీ ఫిల్ముకెక్కించే పద్ధతి 2000 ప్రాంతంలో మొదలైంది. 2002లో జార్జి లూకాస్ తన 'స్టార్ వార్స్' కొత్త భాగాన్ని పూర్తిగా డిజిటల్ కెమెరాతో తీశాడు. మన దేశంలో కమల్ హాసన్ 2005లో 'ముంబై ఎక్స్‌ప్రెస్'తో ఆ ప్రయోగం చేశారు. ముంబై వీధుల్లో అధికభాగం డిజిటల్‌గా తీసిన 'స్లమ్‌డాగ్ మిలియనీర్' 2009లో ఛాయాగ్రహణానికి ఆస్కార్ అందుకోవడంతో సందేహాలు చాలావరకు తీరిపోయాయి.

ఆ తరువాత మార్పు వరదలా వచ్చింది. 2010లో ఆరీ కంపెనీ అలెక్సా కెమెరాను విడుదల చేసింది. 2012 జనవరిలో కొడక్ దివాలా రక్షణ కోరింది. ఫ్యూజీ 2013లో షూటింగు ఫిల్ము తయారీ ఆపేసింది. 2015లో తెలుగు సినిమా ఖ్యాతిని దేశదేశాలకు చాటిన 'బాహుబలి'ని కె.కె. సెంథిల్ కుమార్ చిత్రీకరించింది అలెక్సాతోనే.

లాభమెవరికి, నష్టమెవరికి

డిజిటల్ చేసిన మేలు చిన్నది కాదు. పూర్వం ఒక్కొక్క ప్రింటుకు వేల రూపాయలు కావాలి కనుక పరిమితంగా ప్రింట్లు వేసి, ముందు పట్టణాల్లో ఆడించి, గీతలు పడ్డాక పల్లెల టూరింగ్ టాకీసులకు పంపేవారు. పల్లెటూరివాడు కొత్త సినిమా చూడటానికి నెలలు పట్టేది. ఇప్పుడు అదే రోజు, అదే నాణ్యతతో అతడూ చూస్తున్నాడు. డబ్బులేని కుర్రవాళ్ళు చిన్న కెమెరాతో సినిమా తీసి పేరు తెచ్చుకోగలుగుతున్నారు.

నష్టపోయినవారూ ఉన్నారు. లాబరేటరీలో నెగెటివ్ కడిగేవారు, చీకటి గదిలో వేళ్ళ స్పర్శతోనే ఫిల్ము మేగజైనులో ఎక్కించే సహాయకులు, నెగెటివ్ కోసేవారు, బస్సుల మీదా రైళ్ళలోనూ ఫిల్ము పెట్టెలు వెంటబెట్టుకు తిరిగిన రిప్రజెంటేటివులు, కార్బన్ కడ్డీల వెలుగు చూసి రీలు మార్చిన ఆపరేటర్లు – వీరి నైపుణ్యం ఒక్కసారిగా అక్కరలేనిదైంది. వీరిలో పింఛను, గ్రాట్యుటీ ఎరుగనివారే ఎక్కువ. ఉద్యోగ విరమణ చేసినవారికి వీడ్కోలు సభ జరుగుతుంది. వీరికి అదీ జరగలేదు.

ఫిల్ము పూర్తిగా చచ్చిపోలేదని కూడా చెప్పాలి. క్రిస్టఫర్ నోలన్ వంటి దర్శకులు దానినే పట్టుకుని ఉన్నారు. 2023లో వచ్చిన 'ఓపెన్‌హైమర్' కోసం కొడక్ ప్రత్యేకంగా పెద్ద సైజు నలుపు తెలుపు ఫిల్ము తయారుచేసింది.

దాచుకోవడంలోనే అసలు చిక్కు

ఫిల్ము అందమా, డిజిటల్ అందమా అన్న వాదన ఎన్నాళ్ళయినా సాగుతుంది. చరిత్ర దృష్టితో చూస్తే అంతకన్నా ముఖ్యమైనది నిలవ ఉండటం. చల్లగా, పొడిగా ఉంచిన ఫిల్ము వందేళ్ళు నిలుస్తుందని అనుభవం చెబుతోంది. యంత్రం లేకపోయినా వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే బొమ్మ కనిపిస్తుంది. డిజిటల్ ప్రతి అలా కాదు. హార్డ్ డిస్కును అల్మరాలో పెట్టి పదిహేనేళ్ళ తరువాత తీస్తే అది పనిచేస్తుందన్న నమ్మకం లేదు. సినిమాలు దాచే ఎల్‌టీవో టేపులలోనూ కొత్త తరం యంత్రాలు పాత తరాల టేపులన్నిటినీ చదవలేవు. కనుక కొన్నేళ్ళకోసారి అంతటినీ కొత్త టేపులకు మార్చుకుంటూ ఉండాలి.

అమెరికాలోని ఆస్కార్ అకాడమీ 2007లో వెలువరించిన నివేదిక ప్రకారం ఒక చిత్రం మూలప్రతిని ఫిల్ముగా భద్రపరచడానికి ఏడాదికి 1,059 డాలర్లు అయితే, డిజిటల్‌గా భద్రపరచడానికి 12,514 డాలర్లు. ఆ తరువాత నిల్వ పరికరాల ధరలు తగ్గాయి గాని, పదే పదే నకలు తీయవలసిన బాధ్యత తగ్గలేదు. 1998లో పిక్సర్ సంస్థలో ఒక తప్పు ఆదేశంతో 'టాయ్ స్టోరీ 2' చిత్రంలో అధికభాగం చెరిగిపోయింది. అదనపు ప్రతులూ పనిచేయలేదు. పసిబిడ్డ కారణంగా ఇంటినుంచి పనిచేస్తున్న ఒక ఉద్యోగిని కంప్యూటరులో ఉన్న నకలే వారిని ఆదుకుంది. డిజిటల్‌గా తీసిన చిత్రాలను కూడా హాలీవుడ్ స్టూడియోలు కొన్ని ఫిల్ము మీదికి ఎక్కించి దాస్తున్నది ఇందుకే.

మనవద్ద కూడా కదలిక వచ్చింది. ఫిల్ము హెరిటేజ్ ఫౌండేషన్ వారు 2019 డిసెంబరులో హైదరాబాదులో ఫిల్ము పరిరక్షణపై శిక్షణ తరగతులు జరిపారు. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతి సందర్భంగా 'దేవదాసు', 'మిస్సమ్మ', 'మాయాబజార్' వంటి చిత్రాలను దేశంలోని పలు నగరాల్లో మళ్ళీ వెండితెరపై చూపించారు. డెబ్బై ఏళ్ళనాటి ఫిల్ము ఎక్కడో ఒకచోట మిగిలి ఉండబట్టే అది సాధ్యమైంది. నిన్న మొన్న డిజిటల్‌గా తీసిన చిన్న చిత్రాల మూలప్రతులు ఏ డిస్కులో ఉన్నాయో నిర్మాతలు ఇప్పుడే చూసుకోకపోతే, మన మునిమనవలకు 'భక్త ప్రహ్లాద' గతే వాటికీ పట్టిందని తెలుస్తుంది.

చివరగా మన సభ్యులకు ఒక మనవి. ఈ సమస్య సినిమావారిది మాత్రమే కాదు. మన పిల్లల పెళ్ళిళ్ళ వీడియో క్యాసెట్లు అల్మరాల్లో బూజు పడుతున్నాయి. వాటిని ఆడించే వీసీఆర్‌ల తయారీ 2016లో ప్రపంచంలోనే ఆగిపోయింది. యంత్రం ఉన్నవారు దొరికినప్పుడే వాటిని కంప్యూటరులోకి మార్పించుకుని, రెండు మూడు చోట్ల ప్రతులు ఉంచండి. ఫోటో నెగెటివ్‌లను చెత్తబుట్టలో వేయకండి. అమ్మానాన్నల ముఖాలు వాటిలోనే భద్రంగా ఉన్నాయి.